గుర్రం ఎక్కాలా, పక్కన నడవాలా, గదిలో కూర్చోవాలా?

గుర్రాలతో మానసిక చికిత్స అనగానే చాలామందికి స్వారీయే గుర్తొస్తుంది. నిజానికి ఆ పేరు కింద రెండు వేర్వేరు పనులు జరుగుతుంటాయి. ఒకదాంట్లో గుర్రం ఎక్కించి స్వారీ నేర్పుతారు. రెండోదాంట్లో ఎక్కే పనే ఉండదు, నేల మీదే గుర్రంతో గడుపుతారు. మామూలు కౌన్సెలింగ్ గది ఎలాగూ ఉంది. అమెరికాలో ఈ మూడూ దొరుకుతాయి కాబట్టి, అక్కడున్న మనవాళ్ళు డబ్బు కట్టేముందు తేడా తెలుసుకోవాలి.

చికిత్సగా స్వారీ మొదట శరీరం కోసం వచ్చింది. డెన్మార్క్‌కు చెందిన లిస్ హార్టెల్‌కు 1944లో పోలియో సోకి కాళ్ళు చచ్చుబడ్డాయి. గుర్రం ఎక్కాలన్నా దిగాలన్నా ఎవరో ఒకరు సాయం పట్టాల్సిందే. అయినా 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో డ్రెసాజ్ (గుర్రంతో లయగా అడుగులు వేయించే పోటీ)లో వెండి పతకం గెలిచింది. ఆమెను చూశాకే ఇలాంటి స్వారీ కేంద్రాలు ఊపందుకున్నాయి.

మనసు విషయంలో స్వారీకి ఉన్న గట్టి ఆధారం ఆటిజం పిల్లలది. 2015లో వచ్చిన ఒక అధ్యయనంలో 6 నుంచి 16 ఏళ్ళ పిల్లలు 127 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టు 10 వారాలు స్వారీ నేర్చుకుంది. రెండో జట్టు కూడా అదే లాయానికి వచ్చింది, గుర్రాల గురించే నేర్చుకుంది, కానీ వాళ్ళకిచ్చింది నిలువెత్తు బొమ్మ గుర్రం! స్వారీ చేసిన పిల్లల్లోనే చిరాకు, అతిచురుకుదనం ఎక్కువగా తగ్గాయి. నాకు నచ్చింది ఆ బొమ్మ గుర్రమే. ఆరుబయలు గాలి వల్లో, కొత్త చోటు సరదా వల్లో తగ్గిందేమో అనే అనుమానానికి అది చాలావరకు జవాబు చెబుతుంది.

నేల మీది పద్ధతికి ఇలాంటి బలం ఇంకా రాలేదు. 1999లో మొదలైన ఈగాలా సంస్థ పద్ధతిలో ఒక మానసిక నిపుణుడు, ఒక గుర్రాల నిపుణుడు కలిసి పనిచేస్తారు. గుర్రాన్ని పగ్గం పట్టి నడిపించడం, ఒళ్ళు రుద్దడం లాంటి పనులు ఇస్తారు. గుర్రం సహజంగా బెదురు జంతువు. మనిషి బిగుసుకుపోయి దగ్గరికొస్తే పక్కకు తప్పుకోవచ్చు. "ఇప్పుడు అదెందుకు జరిగిందంటారు?" అని నిపుణుడు అందుకునేది అక్కడే. అందుకునేవాడు లేకపోతే అది గుర్రంతో కాలక్షేపమే.

కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్ళు యుద్ధ గాయాలు మనసులో మిగిలిపోయిన 63 మంది మాజీ సైనికులతో నేల మీది పద్ధతిని పరీక్షించారు. వారానికోసారి, గంటన్నర చొప్పున, 8 వారాలు. దాదాపు సగం మందిలో చెప్పుకోదగ్గ మెరుగు కనిపించింది. అయితే పోల్చి చూడటానికి ఇంకో జట్టు లేదు. కాలం గడిచి తగ్గిందా, తోటి సైనికులతో కలిసి ఉండటం వల్ల తగ్గిందా అన్నది తేలదు. గుర్రాల చికిత్సలపై అంతకుముందున్న 14 అధ్యయనాలను 2014లో ఒక సమీక్ష జల్లెడ పడితే, అన్నిట్లోనూ లోపాలే తేలాయి.

గదిలో కూర్చుని చేసే చికిత్సకు ఆధారాల కొరత లేదు. పీడకలలా వెంటాడే సంఘటనను నిపుణుడి ముందు మళ్ళీ మళ్ళీ చెప్పించే పద్ధతిని అమెరికా మాజీ సైనికుల శాఖే ముందు వరుసలో పెట్టింది. ఇన్సూరెన్స్ కూడా దీనికి దొరికినంత తేలిగ్గా గుర్రాలకు దొరకదు. ఇబ్బందల్లా ఒక్కటే. జరిగింది మళ్ళీ చెప్పలేక చాలామంది మధ్యలోనే మానేస్తారు.

అందుకే నా లెక్క ఇది. ఆటిజం ఉన్న పిల్లవాడికి చిరాకు ఎక్కువగా ఉంటే, నడుస్తున్న చికిత్స ఆపకుండా స్వారీ చేర్చొచ్చు. యుద్ధమో, ప్రమాదమో, దాడో మిగిల్చిన గాయమైతే ముందు గదే. అక్కడ నోరు విప్పలేకపోతే నేల మీది పద్ధతికి వెళ్ళొచ్చు, గుర్రం పక్కన ఉన్నది లైసెన్స్ ఉన్న థెరపిస్టే అయితేనే. కేంద్రానికి ఫోన్ చేసినప్పుడు లాయం ఎంత బాగుందో కాదు, ముందు ఆ లైసెన్స్ ఎవరికి ఉందో అడగండి. ఆత్మహత్య ఆలోచనలు ఉంటే మాత్రం లాయం సంగతి తర్వాత, ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి.