పలాసలో మా డాబా మీద సోలార్ హీటర్: పదేళ్ల తర్వాత

2015 డిసెంబరులో కొన్నాం. 150 లీటర్ల ట్యాంకు, 15 గాజు గొట్టాలు, ఫిట్టింగుతో కలిపి 24 వేలు అయింది. నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. పదేళ్లు వాడాక నా మాట ఇది: వస్తువు మంచిది, మళ్లీ కొనమన్నా కొంటాను. కానీ వేడి ఏ దారిన వస్తుందో, ఏ దారిన పోతుందో చూసుకోకుండా బిగించుకుంటే మాత్రం డబ్బుకు తగ్గ సుఖం ఉండదు. మొదటి చలికాలమంతా మేం అలాగే పడ్డాం.

అంతకుముందు పెరట్లో అమ్మ కాగు పెట్టేది. కొబ్బరి మట్టలు, డొక్కలు, ఎండిన జీడి కొమ్మలు. తెల్లారకముందే ఆ పొగలో కూర్చుని దగ్గుతూ ఊదేది. ఆ దగ్గు మాన్పించాలనే ఇది కొన్నాను. గీజరు పెట్టుకోవచ్చు కదా అని చాలామంది అన్నారు. 100 లీటర్ల నీళ్లను 25 డిగ్రీల నుంచి 60కి తేవాలంటే సుమారు 4 యూనిట్ల కరెంటు కావాలి. ఒడిశా నుంచి బొగ్గు వ్యాగన్లు మా పలాస స్టేషన్ మీదుగానే పోతుంటాయి. ఆ బొగ్గును మండించి, ఆవిరితో టర్బైను తిప్పితే, పుట్టిన వేడిలో మూడో వంతుకు కాస్త అటూ ఇటూగా కరెంటవుతుంది. దాన్ని తీగల మీద ఇంటికి తెచ్చుకుని మళ్లీ వేడిగా మార్చుకోవడానికి నాకు మనసొప్పలేదు. ఎండ ఎలాగూ మా డాబా మీదే పడుతోంది.

ఈ గొట్టం చూడ్డానికి మామూలు గాజులా ఉంటుంది గానీ, నిజానికి గొట్టంలో గొట్టం. రెండిటి మధ్య గాలి తీసేసి ఉంటుంది. 1892లో జేమ్స్ డ్యూయర్ అనే శాస్త్రవేత్త చేసిన ఫ్లాస్కు కిటుకే ఇది. గాలి లేదు కాబట్టి వహనం (వస్తువు గుండా వేడి పాకడం), సంవహనం (కదిలే గాలి, నీరు వేడిని మోసుకుపోవడం) ఆ ఖాళీ దాటలేవు. ఎండకు మాత్రం అడ్డేమీ లేదు, వికిరణం, అంటే కిరణాలుగా వచ్చే వేడి, శూన్యంలోంచి కూడా వచ్చేస్తుంది. లోపలి గాజు మీది నల్లటి పూత దాన్ని పట్టేసుకుంటుంది. వేడెక్కిన నీరు తేలికై పైనున్న ట్యాంకులోకి ఎక్కుతుంది, చల్లటి నీరు కిందికి దిగుతుంది. మోటారు లేదు, వైరు లేదు.

ఒకసారి స్పేర్ గొట్టాన్ని బడికి పట్టుకెళ్లి, ఆవరణలో ఎండలో పెట్టి, లోపల థర్మామీటరు ఉంచాను. కాసేపటికే 100 దాటింది, పగిలిపోతుందని వెంటనే తీసేశాం. ఒక పిల్లాడు బయటి గాజు మీద చెయ్యి వేసి, "మాస్టారండీ, బయిట సల్లగే ఉంది, లోపల ఏటండీ మంటెట్టినట్టుంది?" అన్నాడు. ఉష్ణ ప్రసారం పాఠం అంత బాగా నేనెప్పుడూ చెప్పలేదు.

ఇక కష్టాలు. బిగించినాయన డాబా నుంచి కింది బాత్‌రూముకు 40 అడుగుల ఇనుప పైపు వేసి, దానికేమీ చుట్టకుండా వెళ్లిపోయాడు. ట్యాంకులో నీళ్లు సలసలమంటున్నా, కుళాయి తిప్పితే ముందు అర బకెట్టు చల్లనీళ్లే. రాత్రంతా పైపులో నిలిచిన నీటి వేడిని ఇనుము బయటికి లాగేస్తుంటే, చలిగాలి దాన్ని ఎత్తుకుపోయేది. ఆ సంక్రాంతికి భోగి తలంట్ల దగ్గర తొమ్మిది మంది చుట్టాలు వరసలో నిలబడితే, ఐదో మనిషికే గోరువెచ్చన అయిపోయాయి. తర్వాత సీపీవీసీ, అంటే వేడినీళ్లను తట్టుకునే ప్లాస్టిక్ పైపు వేయించి, పైన ఫోమ్ తొడుగు వేశాం. అప్పటినుంచి రెండు చెంబులు పోగానే వేడినీళ్లు. కొనేటప్పుడు ట్యాంకు గురించి అడిగినన్ని ప్రశ్నలు పైపు గురించీ అడగండి.

రెండో దెబ్బకు తప్పు పూర్తిగా నాదే. ఒక మే నెలలో ఓవర్‌హెడ్ ట్యాంకు ఖాళీ అయింది, సోలార్ గొట్టాలు కూడా ఎండిపోయాయి. మిట్టమధ్యాహ్నం ఒంటిగంటకు మోటారు వేశాను. రెండు నిమిషాలు గడిచాయో లేదో పైనుంచి టప్, టప్ అని రెండు చప్పుళ్లు. పరుగెత్తి చూస్తే రెండు గొట్టాలు నిలువునా చీలి, నీళ్లు డాబా అంతా పారుతున్నాయి. ఈ గొట్టాలు చేసే బోరోసిలికేట్ గాజు మామూలు గాజుకంటే చాలా తక్కువగా వ్యాకోచిస్తుంది గానీ, కాగిన గాజు మీద ఒక్కసారిగా చల్లనీళ్లు పడితే అదీ తట్టుకోలేదు. ఖాళీ గొట్టాలను తెల్లవారుజామునో పొద్దుగూకాకో నింపాలి, అంతే.

తిత్లీ సంగతి చెప్పాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున ఆ తుఫాను మా పలాస దగ్గరే తీరం దాటింది. అంతకుముందు సాయంత్రం ఓవర్‌హెడ్ ట్యాంకు నింపి, సోలార్‌కు వెళ్లే చల్లనీళ్ల వాల్వు కట్టేశాను. రాత్రి ఎక్కడిదో కొబ్బరి మట్ట వచ్చి ఒక గొట్టాన్ని పగలగొట్టింది, సోలార్ ట్యాంకు ఖాళీ అయిపోయింది. వాల్వు కట్టేయడం వల్ల పైట్యాంకులో నీళ్లు మిగిలాయి. మర్నాడు పొద్దుగూకాక స్పేర్ గొట్టం బిగించి వాల్వు తిప్పాను. ఊళ్లో స్తంభాలన్నీ పడిపోయాయి, కరెంటు ఎప్పుడొస్తుందో తెలీదు. పక్కింట్లో పదిరోజుల బాలింత. ఆ తర్వాతి రోజు ఎండ కాసింది. సాయంత్రం అమ్మ కుళాయి కింద చెయ్యి పెట్టి, "ఒరే, కాలిపోతన్నాయిరా" అని, మొదటి రెండు బకెట్లూ ఆ ఇంటికే పంపించింది.

వానాకాలంలో మబ్బు మూడు రోజులు వదలకపోతే నీళ్లు గోరువెచ్చగా కూడా ఉండవు. అప్పుడు ట్యాంకులోని 2 కిలోవాట్ల కరెంటు కాయిల్ వేసుకుంటాం. ఏడాదిలో అలాంటి రోజులు కొన్నే. ఎండాకాలంలో సగం గొట్టాల మీద గోనెపట్టాలు కప్పుతాం, లేకపోతే పిల్లల చేతులు కాలతాయి. మాది బోరు నీరు, గొట్టాల అడుగున తెల్లగా సున్నం పేరుతుంది. రెండేళ్లకోసారి విప్పి కడగకపోతే వేడెక్కడం తగ్గుతుంది.

ఒక చిన్న పరీక్ష తెలిసి ఉండండి. గొట్టం కింది కొసలో అద్దంలా వెండిరంగు పూత ఉంటుంది. అది పాలలా తెల్లబడిందంటే లోపలికి గాలి చేరిందని, ఆ గొట్టం ఇక వేడిని ఆపలేదని అర్థం. మొన్న చూస్తే మా పదకొండో గొట్టం కొస తెల్లబడి ఉంది. ముట్టుకుంటే పక్కవన్నీ చల్లగా, అదొక్కటే వెచ్చగా. లోపలి వేడి బయటికి వచ్చేస్తోందన్నమాట. కొత్త గొట్టం తెప్పించాను, ఆదివారం పొద్దుగూకాక మార్చాలి.