గంటస్తంభం దగ్గరి వాచీ బడ్డీ: అతిగా పలికే బటన్‌కి అసలైన మరమ్మతు

చెయ్యి మడిస్తే చాలు లైటు వెలగడం, మోడ్ దానంతటదే మారిపోవడం. 1989లో వచ్చిన కేసియో ఎఫ్-91డబ్ల్యూ లాంటి పాత వాచీల్లో కనిపించే జబ్బే. విజయనగరం గంటస్తంభం దగ్గరి ఈ బడ్డీలో మిషన్ (వాచీ లోపలి యంత్రం) మార్చేయమనరు, కారణం వెతుకుతారు. అదే నాకు బాగా నచ్చింది.

వెనక 4 స్క్రూలు విప్పి, మిషన్ తీసి, బటన్ పుల్లకు పట్టిన చెమట జిడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడుస్తారు. జిడ్డుంటే స్ప్రింగు బటన్‌ని పూర్తిగా వెనక్కి నెట్టలేదు. అప్పటికీ తగ్గకపోతే, బటన్ నొక్కితే కదిలే, మిషన్ పక్కనున్న సన్నని రేకు లోపలికి వంగి కాంటాక్టుకు (అది తగిలితే బటన్ పలికే చోటుకు) మరీ దగ్గరైనట్టే. పట్టకారుతో వెంట్రుకవాసి బయటికి లాగుతారు. ఎక్కువ లాగితే గట్టిగా నొక్కినా పలకదు, రేకు విరిగినా విరుగుతుంది. ఇక్కడ చెయ్యి నిదానం.

ఒక్క లోటు: నీళ్లు లోపలికి పోకుండా ఆపే రబ్బరు రింగుకి సిలికాన్ గ్రీజు అడిగితేనే రాస్తారు. తప్పక అడగండి.