చిన్న ప్రశ్నపత్రాన్ని నమ్మేదెలా: ఆల్ఫానా, మళ్లీ అడగడమా?

డాక్టరు కోసం ఎదురుచూస్తూ రోగి నింపే చిన్న ప్రశ్నపత్రం ఎంత నిలకడగా కొలుస్తుందో తేల్చడానికి ముఖ్యంగా రెండు దారులున్నాయి. జవాబులు ఒకదానితో ఒకటి ఎంత పొసుగుతున్నాయో చెప్పే క్రోన్‌బాక్ ఆల్ఫా ఒకటి (1కి దగ్గరయ్యే కొద్దీ పొసగడం ఎక్కువ). కొద్ది వ్యవధిలో అదే రోగిని మళ్లీ అడగడం రెండోది.

ఆల్ఫా చవక. ఒక్కసారి నింపిన కాగితాలుంటే చాలు, అందుకే చాలామంది దానితోనే సరిపెట్టుకుంటారు. చిక్కల్లా ప్రశ్నల సంఖ్యతోనే. కుంగుబాటును పసిగట్టే తొమ్మిది ప్రశ్నల పత్రం పీహెచ్‌క్యూ-9కు అమెరికా ప్రాథమిక వైద్యశాలల్లో వచ్చిన ఆల్ఫా 0.89 అని 2001లో ప్రచురించారు. ప్రశ్నల మధ్య సగటు సంబంధం అంతే ఉంచి, తొమ్మిదింటిని రెండుకు కుదిస్తే లెక్క ప్రకారం అది సుమారు 0.64కు పడిపోతుంది. ప్రశ్నలు చెడిపోలేదు, తగ్గాయంతే! ఒకే ప్రశ్నను మాటలు మార్చి నాలుగుసార్లు అడిగితే మాత్రం ఆల్ఫా అమాంతం పెరుగుతుంది. అందులో గొప్పేముంది?

మళ్లీ అడగాలంటే ఖర్చు, ఓపిక కావాలి. వ్యవధి తక్కువైతే పాత జవాబు గుర్తుంటుంది. ఎక్కువైతే జబ్బే మారిపోవచ్చు. "గత రెండు వారాలుగా" అని అడిగే పత్రాన్ని నెల తర్వాత ఇస్తే, అడిగేది వేరే రోజుల గురించి. పీహెచ్‌క్యూ-9ను 48 గంటల్లోపు ఫోనులో మళ్లీ అడిగితే పొంతన 0.84 వచ్చింది. అయితే తొలిసారి రోగులే నింపారు, రెండోసారి నిపుణులు అడిగారు. ఆ తేడా కూడా అంకెలో కలిసే ఉంది.

రెండు మూడు ప్రశ్నల పత్రమైతే నా ఓటు మళ్లీ అడగడానికే. మొత్తం మార్కులతో పాటు, ఆ పత్రానికి పెట్టుకున్న హద్దు మార్కుకు (పీహెచ్‌క్యూ-9కైతే 10) అటూ ఇటూ ఎందరు మారారో కూడా లెక్కపెట్టాలి. డాక్టరు నిర్ణయం మారేది అక్కడే.