ఫోటోలయేజా, యువీఆర్ ఎంజైముల బృందమా: దెబ్బతిన్న డీఎన్‌ఏకు ఏది మేలు?

ఎండలోని అతినీలలోహిత కిరణాలు బ్యాక్టీరియా డీఎన్‌ఏకు చేసే ప్రధానమైన హాని చూడడానికి చాలా చిన్నది. ఒకే పోగులో పక్కపక్కనే ఉన్న రెండు థైమిన్ క్షారాలు (డీఎన్‌ఏ రాతలోని అక్షరాల్లాంటివి) రెండు కొత్త బంధాలతో ఒకదానికొకటి అతుక్కుపోతాయి. వాటి మధ్య నాలుగు కార్బన్ల సైక్లోబ్యూటేన్ వలయం ఏర్పడుతుంది. ఈ అతుకుడు జంటనే థైమిన్ డైమర్ అంటారు. డీఎన్‌ఏకు ప్రతి తయారుచేసే పాలిమరేజ్ ఎంజైము అక్కడికి చేరగానే ముందుకు సాగలేక నిలిచిపోతుంది. అలాంటి జంటలు మరమ్మతు కాకుండా పేరుకుపోతే కణం చనిపోవచ్చు, బతికినా ఉత్పరివర్తనాలతో బతకవచ్చు.

ఈ.కోలై అనే బ్యాక్టీరియా కణంలో ఈ ఒక్క హానిని సరిచేయడానికి పూర్తిగా వేరైన రెండు పద్ధతులు ఉన్నాయి. ఫోటోలయేజ్ అనే ఎంజైము అతుకును ఉన్నచోటనే విడదీస్తుంది. యువీఆర్‌ఏ, యువీఆర్‌బీ, యువీఆర్‌సీ అనే ప్రొటీన్ల బృందం చెడిన భాగాన్ని కోసి తీసివేసి, ఆ ఖాళీని కొత్తగా పూరించే పనికి దారి తీస్తుంది. వీటిలో ఏది మేలు అన్న ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పడం తేలికే గాని, అది సరైన జవాబు కాదని నా అభిప్రాయం.

ఫోటోలయేజ్ పని ఫలితం దాని పేరు కంటే ముందే కంటపడింది. అతినీలలోహిత కిరణాల దెబ్బ తిన్న స్ట్రెప్టోమైసిస్ గ్రీసియస్ అనే బ్యాక్టీరియా బీజాలపై మామూలు వెలుతురు పడితే అవి పెద్ద సంఖ్యలో తేరుకుంటున్నాయని ఆల్బర్ట్ కెల్నర్ 1949లో గుర్తించారు. ఆ తేరుకోవడం వెనుక ఉన్న ఎంజైము డైమర్‌ను పట్టుకునే తీరు గమనించదగినది. అది అతుక్కున్న రెండు థైమిన్లను జంటపోగుల నిచ్చెన లోపలి నుంచి బయటికి తిప్పి, తనలోని గుంటలోకి చేర్చుకుంటుంది. ఎంజైములోని ఫోలేట్ జాతి వర్ణకం నీలి కాంతిని గ్రహించి ఆ శక్తిని పక్కనున్న ఫ్లేవిన్ అనే మరో సహాయక అణువుకు అందిస్తుంది. ఫ్లేవిన్ ఒక ఎలక్ట్రాన్‌ను డైమర్‌కు ఇస్తుంది, వలయంలోని రెండు బంధాలు తెగుతాయి, ఎలక్ట్రాన్ తిరిగి ఫ్లేవిన్‌ను చేరుకుంటుంది. కాంతి అందిన తరువాత జరిగే ఈ రసాయన చర్య సెకనులో వందకోట్లవ వంతు సమయం కూడా పట్టకుండా ముగుస్తుంది.

పొదుపులోనూ కచ్చితత్వంలోనూ దీనికి సాటి లేదు. కణానికి శక్తినిచ్చే ఏటీపీ ఖర్చు కాదు, పోగు ఎక్కడా తెగదు, కొత్త క్షారం ఒక్కటి కూడా చేర్చనక్కరలేదు కనుక ప్రతి రాయడంలో తప్పు దొర్లే అవకాశమే ఉండదు. ఎంజైము సైతం చెక్కుచెదరకుండా మరో డైమర్ కోసం బయలుదేరుతుంది. ఉన్నచోటనే సరిచేసే ఎంజైములన్నీ ఇంత పొదుపుగా ఉండవు. గ్వానిన్ అనే క్షారానికి అంటుకున్న మిథైల్ గుంపును తొలగించే అడా ప్రొటీన్ దాన్ని తన మీదికి తీసుకుని, ఆ పనికి మళ్లీ పనికిరాకుండా పోతుంది. అంటే ఒక్క మిథైల్‌కు ఒక నిండు ప్రొటీన్ ఖర్చు. దానితో పోల్చినప్పుడే ఫోటోలయేజ్ గొప్పతనం తెలుస్తుంది.

అయితే దానికి వెలుతురు కావాలి, అదీ సుమారు 350 నుంచి 450 నానోమీటర్ల తరంగదైర్ఘ్యంలో. పైగా అది గుర్తించేది సైక్లోబ్యూటేన్ జంటలనే. అదే అతినీలలోహిత కాంతి వల్ల పుట్టే మరో రకం అతుకు, 6-4 ఫోటో ఉత్పన్నం, దానికి లొంగదు.

యువీఆర్ బృందం పని దీనికి పూర్తిగా భిన్నం. యువీఆర్‌ఏ అణువులు యువీఆర్‌బీని వెంటబెట్టుకుని డీఎన్‌ఏ మీద ఆకారం వికటించిన చోటును వెతుకుతాయి, యువీఆర్‌బీని అక్కడ నిలిపి తాము తప్పుకుంటాయి. యువీఆర్‌బీ పోగులను కొద్దిగా విడదీసి, హాని నిజంగా ఉందో లేదో పరీక్షిస్తుంది. పోగు రెండు చివరలను 3′, 5′ అని గుర్తిస్తారు. తరువాత వచ్చే యువీఆర్‌సీ హానికి 3′ వైపున నాలుగో లేదా అయిదో బంధం దగ్గర, 5′ వైపున ఎనిమిదో బంధం దగ్గర కోత పెడుతుంది. 12 లేదా 13 న్యూక్లియోటైడ్ల (ఒక్కో క్షారం ఉండే డీఎన్‌ఏ పోగు గొలుసుకట్లు) ముక్కను యువీఆర్‌డీ అనే మరో ప్రొటీన్ ఊడదీస్తుంది, పాలిమరేజ్-1 ఎదుటి పోగును చూసి ఖాళీని నింపుతుంది, లైగేజ్ అనే ఎంజైము తెగిన పోగుకు అతుకు వేస్తుంది.

రెండు క్షారాల చిక్కు కోసం పన్నెండు పారవేయడం, ఇన్ని ప్రొటీన్లను రప్పించడం, ఏటీపీ ఖర్చు పెట్టడం దుబారాగానే తోచవచ్చు. కానీ ఈ బృందం ఒక నిర్దిష్టమైన అతుకు కోసం కాక, నిచ్చెన ఆకృతి చెడిన చోటు కోసం వెతుకుతుంది. అందువల్ల 6-4 ఉత్పన్నాలనూ, సిస్‌ప్లాటిన్, సొరాలెన్ వంటి రసాయనాలు డీఎన్‌ఏకు అంటుకుని కలిగించే ఉబ్బెత్తు హానులనూ, చీకట్లో కూడా, తొలగించగలదు. తీవ్రమైన వికిరణాన్ని తట్టుకునే డైనోకాకస్ రేడియోడ్యూరాన్స్ అనే బ్యాక్టీరియాలో ఫోటోలయేజ్ లేదు. అతినీలలోహిత హానిని అది కోసి తీసే పద్ధతులతోనే నెగ్గుకొస్తుంది. బ్యాక్టీరియా ఒక్కదాన్నే ఉంచుకోవలసి వస్తే యువీఆర్ బృందాన్నే ఉంచుకోవాలని నేను అంటాను, ఎందుకంటే ఏ హాని ఎప్పుడు వస్తుందో కణం చేతిలో లేదు.

ఇక్కడ ఒక విశేషాన్ని మరువకూడదు. వెలుతురు లేనప్పుడు కూడా ఫోటోలయేజ్ డైమర్‌ను గుర్తించి పట్టుకోగలదు, విడదీయలేదు, అంతే. అలా అది పట్టుకుని ఉన్న చోట యువీఆర్ బృందం కోత మరింత చురుగ్గా సాగుతుందని అజీజ్ సాంకార్, ఆయన సహచరులు 1984లో చూపారు. నిచ్చెనను అంతగా వంచని సైక్లోబ్యూటేన్ జంటలు యువీఆర్‌ఏ కంట సులువుగా పడవు కనుక ఈ సాయానికి విలువ ఎక్కువ. ఫోటోలయేజ్‌నూ, కోసి తీసే మరమ్మతునూ రెంటినీ పరిశోధించిన సాంకార్, 2015 రసాయన శాస్త్ర నోబెల్‌ను టొమాస్ లిండాల్, పాల్ మోడ్రిచ్‌లతో పంచుకున్నారు.

మన చర్మం విషయంలో మాత్రం నా తీర్పు మారుతుంది. పొట్టసంచిలో పిల్లలను పెంచే కంగారూల వంటి క్షీరదాలలో ఫోటోలయేజ్ ఉంది, మనుషులలో లేదు. కోసి తీసే పద్ధతి మనకు సొంతంగానే ఉంది. అది పుట్టుకతో లోపించిన జీరోడెర్మా పిగ్మెంటోసమ్ రోగులకు ఎండ వల్ల చర్మ క్యాన్సర్లు చిన్న వయసులోనే వస్తాయి. కనుక బ్యాక్టీరియా నుంచి మనం అరువు తెచ్చుకోవలసింది ఫోటోలయేజ్‌నే. అనాసిస్టిస్ నిడ్యులాన్స్ అనే సయనోబ్యాక్టీరియా నుంచి తీసిన ఆ ఎంజైమును లైపోసోములలో (కొవ్వు పొరతో చేసిన అతిచిన్న సంచులలో) పెట్టి, అతినీలలోహిత కిరణాలు సోకిన మానవ చర్మంపై పూసి, తగిన వెలుతురు పడనిస్తే డైమర్లు 40 నుంచి 45 శాతం తగ్గాయని 2000లో వెలువడిన అధ్యయనం తెలిపింది. పూసిన తరువాత వెలుతురు పడకపోతే ఆ ఫలితం రాదు, 6-4 ఉత్పన్నాలను తొలగించే భారం అప్పటికీ మన సొంత కోత ఎంజైముల మీదే ఉంటుంది.