నల్లగొండలో నాయిన నవలలకు బైండింగ్ చేయించాను

మా నాయిన ఆర్టీసీలో కండక్టరు. హైదరాబాద్ డ్యూటీ పడ్డ రోజు కోఠిలో, ఆదివారమైతే ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కొనేవాడు. ప్రతి పుస్తకం మొదటి పేజీలో తేదీ, ధర, ఆ రోజు ఎక్కిన రూటు రాసుకునేవాడు. ఆయన పోయి ఆరేళ్లయింది. ఈ ఎండాకాలం ట్రంకుపెట్టె తెరిస్తే పదకొండు పుస్తకాలు అట్టలు ఊడి, కుట్లు తెగి కనిపించాయి. రెండింటికి అప్పుడే చెద అంటుకుంటోంది. ఆ పదకొండూ తీసుకెళ్లి బైండింగ్‌కు ఇచ్చాను. పాత పుస్తకాలున్న ఇళ్లు మన దగ్గర ఇంకా చాలా ఉన్నాయి కాబట్టి ఆ పని ఎలా జరిగిందో వివరంగా రాస్తున్నాను.

నేను ఇరవై రెండేళ్లుగా టైలరింగ్ చేస్తున్నాను. గుడ్డ మీద కుట్టైనా, కాగితం మీద కుట్టైనా నా కన్ను ముందు దారం మీదికే పోతుంది. అందుకే ఈ పనిలో బాగోగులు కొంచెం ఎక్కువగానే చూశాను.

షాపు ప్రకాశం బజార్ నుంచి లోపలికి పోయే ఒక గల్లీలో ఉంది. బోర్డు లేదు. బయట ఆఫీసు రిజిస్టర్లు, స్కూలు హాజరు పుస్తకాలు కట్టలు కట్టి పెట్టి ఉంటాయి, అదే గుర్తు. లోపల డెబ్బై దాటిన చాచా, ఆయనకు సాయంగా మనవడు. చాచా కూర్చునే చోట ఒక చెక్క ప్రెస్సు, మైనం ముద్ద, పెద్ద సూదులు, లేయి గిన్నె. మైదాతో లేయి ఉడికించి అందులో చిటికెడు మైలుతుత్తం కలుపుతాడు, పురుగు పట్టకుండా.

రెండేళ్ల కింద నేను ‘చిల్లర దేవుళ్ళు’ ఒక్కటే వేరేచోట ఇచ్చి ఉన్నాను. వాళ్లు వీపు భాగం మిషన్ మీద కోసేసి గమ్ము పూసి ఇచ్చారు. చూడటానికి కొత్త పుస్తకంలాగా మెరిసింది. మూడుసార్లు తెరిచేసరికి పేజీలు చేతికొచ్చాయి. దానికంటే పెద్ద బాధ, అంచులు సమానం చేస్తామని అర అంగుళం కోసి పడేశారు. నాయిన పెన్సిలుతో పక్కన రాసుకున్న మాటలు సగం సగం తెగిపోయాయి. ఇప్పటికీ ఆ పేజీలు చూస్తే ప్రాణం చివుక్కుమంటుంది.

చాచాకు ఆ పుస్తకమే ముందు చూపించాను. తిప్పి చూసి, “కోసిన కాగితం మళ్ల రాదు బేటీ. ఉన్నదాన్ని కాపాడుకుందాం” అన్నాడు. ఆ ఒక్క మాటతో మిగతావి కూడా ఆయన చేతిలో పెట్టాను.

ఆయన పని పద్ధతి ఇదీ. ముందు పాత గమ్మును తడిగుడ్డతో నానబెట్టి గీకేస్తాడు. పుస్తకాన్ని ఫారం ఫారంగా విడదీస్తాడు. పదహారు పేజీల మడతను ఫారం అంటారు. మడత దగ్గర చిరిగిన కాగితానికి పల్చటి కాగితం పట్టీ అంటించి ఆరబెడతాడు. తర్వాత మైనం పట్టించిన దారంతో ఒక్కో ఫారాన్ని మడత మధ్య నుంచి కుట్టి, పక్క ఫారానికి ముడి వేసుకుంటూ పోతాడు. నేను గంటసేపు నిలబడి చూశాను. ఎక్కడా దారం బిగుతు మారలేదు. బిగిస్తే కాగితం కోసుకుపోతుంది, వదులైతే పుస్తకం జారుతుంది. ఆ వేలికి అది తెలుసు. రాత్రంతా ప్రెస్సులో పెట్టి, మర్నాడు వీపుకు గుడ్డ, ఆ మీద దళసరి అట్ట. ఇలా చేసిన పుస్తకం బల్ల మీద తెరిచి పెడితే తెరిచినట్టే పడుకుంటుంది.

కాగితం మరీ పెళుసైన మూడింటికి మాత్రం ఈ కుట్టు పనికిరాదని ముందే చెప్పాడు. వాటికి పక్క నుంచి రంధ్రాలు పెట్టి కుట్టాడు. అవి పూర్తిగా తెరుచుకోవు, లోపలి అక్షరాల కోసం వంగి చూడాల్సి వస్తుంది. కాగితమే అలాంటిది కాబట్టి నేను తప్పుపట్టను.

లెక్క చెప్పేటప్పుడు చాచా ఒక పని చేశాడు. పుస్తకాన్ని తెరవకుండా పక్కకు తిప్పి, పేజీల కింది మూల చూపించాడు. వేళ్లు తగిలీ తగిలీ అక్కడ నలుపు పట్టి ఉంటుంది. “జర చూడు బేటీ, గీ పుస్తకం మొదటి నూరు పేజీలే నల్లగున్నయి. ఎన్క తెల్లగున్నయి. సగంలనే ఇడిసిపెట్టిన్రు.” అది ‘వేయిపడగలు’. నిజమే, నేను రెండుసార్లు మొదలుపెట్టి రెండుసార్లూ ఆపాను. నాయిన కూడా ఆపాడన్న సంగతి ఆ నలుపు వల్లే నాకు తెలిసింది. ఇంకో పుస్తకం తీశాడు. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒకే నలుపు. “ఇది ఇంటిల్లిపాది చదివిన్రు. ఇట్లాంటివే నా దగ్గరికి రెండోసారి, మూడోసారి వస్తయి.” అది ‘ప్రజల మనిషి’.

చాచాకు తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటే తప్ప రావు. చదువుకున్నది ఉర్దూ. అయినా ఏ నవల నిలబడిందో, ఏది పడిపోయిందో ఆ మూల చూసి చెప్తున్నాడు. ఇంటికొచ్చాక నేను మిగతా పుస్తకాలన్నీ అలాగే తిప్పి చూశాను. ఒక నవల కలకాలం నిలబడటం అంటే ఏమిటని ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను.

బహుమతి వల్ల నిలబడుతుందా అంటే, 1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పోటీలో ‘వేయిపడగలు’, ‘నారాయణరావు’ రెండూ బహుమతి పంచుకున్నాయి. విశ్వనాథ సత్యనారాయణ రాసిన ‘వేయిపడగలు’ను తర్వాత పి.వి. నరసింహారావు ‘సహస్రఫణ్’ పేరుతో హిందీలోకి తెచ్చారు. గొప్ప పుస్తకమని అందరూ ఒప్పుకుంటారు. మా ఇంటి ప్రతి మాత్రం నూరు పేజీల దగ్గర ఆగింది. బహుమతి పుస్తకాన్ని ఇంటిదాకా తీసుకురాగలదు, రెండోసారి తెరిపించలేదు. పోనీ, ప్రభుత్వం ఆపేస్తే ఆగిపోతుందా అంటే అదీ లేదు. ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ని అప్పటి మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. నాయిన ప్రతి చివరి దాకా నల్లగా ఉంది.

మా అమ్మ పెట్టెలో ఇంకో రకం పుస్తకం ఉంది. వారపత్రికల్లో వచ్చిన సీరియల్ పేజీలను వారం వారం కత్తిరించి, పెద్ద సూదితో తనే కుట్టుకున్నది. ఆ రోజుల్లో ప్రతి ఇంట్లో ఇది ఉండేది. వచ్చే వారం ఏమవుతుందోనన్న టెన్షన్‌లో వీధి వీధంతా చదివిందట. ఇప్పుడు నేను చదివితే, కథ ఎటు పోతుందో తెలిసిపోయాక పట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు. సీరియల్‌గా రావడం తప్పని అనను. తెలుగులో తొలి నవలల్లో చెప్పుకునే వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ కూడా 1878లో ‘వివేకవర్ధని’లో ముక్కలు ముక్కలుగానే వచ్చింది. అమ్మ కుట్టుకున్న ఆ పుస్తకాన్ని కూడా చాచాకు ఇచ్చాను. అది అమ్మ చేతి కుట్టు, దాన్ని విప్పొద్దని చెప్పి పైన అట్ట మాత్రమే వేయించాను.

నా చేతిపనిలో ఒక సంగతి చెప్పాలి. పెళ్లికూతురి జాకెట్టు కుట్టేటప్పుడు పక్క కుట్టు లోపల అంగుళం, అంగుళంన్నర గుడ్డ వదులుతాం. బయటికి కనిపించదు. పదేళ్లకు, ఇద్దరు పిల్లలు పుట్టాక, ఆ కుట్టు విప్పి వదులు చేసుకుంటే అదే జాకెట్టు మళ్లీ సరిపోతుంది. గుడ్డ మిగుల్చుకుందామని లోపల ఏమీ వదలకుండా కుట్టినది, ఎంత అందంగా ఉన్నా, ఆ ఒక్క ఏడాదికే.

పి. శ్రీదేవి గారి ‘కాలాతీత వ్యక్తులు’ నేను మొదట పందొమ్మిదేళ్లప్పుడు చదివాను. అందులోని ఇందిర అంటే ఒళ్లు మండింది. స్నేహితురాలి మనసు చూడదు, తన సుఖమే చూసుకుంటుంది అనుకున్నాను. ముప్పై నాలుగేళ్లప్పుడు మళ్లీ చదివాను. అప్పటికి మా ఆయనకు పని లేక మూడేళ్లయింది, ఇల్లు నా మిషన్ మీద నడుస్తోంది. ఉద్యోగం చేసి తండ్రిని పోషిస్తూ, తన కోసం ఒక్క రోజు కూడా మిగలని ఇందిర అప్పుడు కనిపించింది. ఆమె విసుగు ప్రతి మాటలోనూ వినిపించింది. పుస్తకంలో ఒక్క అక్షరం మారలేదు. రాసినావిడ లోపల గుడ్డ వదిలి కుట్టింది. ఇందిరను శిక్షించదు, వెనకేసుకురాదు, ఆమెను మన ముందు కూర్చోబెట్టి తను పక్కకు తప్పుకుంటుంది. రచయిత్రి డాక్టరు. నవల 1958లో పుస్తకంగా వచ్చింది, 1961లో ఆమె చిన్న వయసులోనే చనిపోయారు. దీని ఆధారంగానే ‘చదువుకున్న అమ్మాయిలు’ సినిమా తీశారు. ఈమధ్య మా పాప చదివి, “ఇందిరది తప్పేముందమ్మా? కృష్ణమూర్తికే ఏమీ తెలియదు” అంది. నేను ఆ వైపు నుంచి ఎప్పుడూ చూడలేదు. రాత్రి పదకొండు దాకా ఇద్దరం దాని మీదే మాట్లాడుకున్నాం.

‘చిల్లర దేవుళ్ళు’ సంగతి వేరు. స్కూల్లో మా మాట వింటే సార్లు “మంచి తెలుగు మాట్లాడండి” అనేవాళ్లు. దాశరథి రంగాచార్య గారి నవలలో మా అమ్మమ్మ మాటలు అచ్చులో కనిపించేసరికి పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చున్నాను. దొర ఉండే కోటలాంటి గడీ, దొర, వెట్టి, దొరబిడ్డ వెంట అరణంగా పంపే దాసి ఆడబాప. ఇవన్నీ మా ఇంట్లో గుసగుసగా చెప్పుకున్న మాటలు. ఇప్పటి పిల్లలు గడీని చూసి ఉండకపోవచ్చు, కానీ పెద్దవాడి ముందు గొంతు పెగలని మనిషిని వాళ్లూ చూసే ఉంటారు. ఒక ఊరిని అంత దగ్గర నుంచి, పేరుపేరునా, మాటమాటా రాస్తేనే ఇంకో ఊరివాళ్లకు అది తమ ఊరిలా కనిపిస్తుందని నాకు ఈ నవలతో తెలిసింది.

ఇక ‘ప్రజల మనిషి’. వట్టికోట ఆళ్వారుస్వామి నకిరేకల్ దగ్గరి చెరువు మాదారంలో 1915లో పుట్టారు. ఇళ్లల్లో వంట చేశారు, హోటల్లో సర్వరుగా పనిచేశారు, జైలుకు వెళ్లారు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు తనే మోసుకుని తిరిగి అమ్మారు. దాశరథి కృష్ణమాచార్య ‘అగ్నిధార’ను ఆయనకే అంకితమిచ్చారు. నాయిన ఈ పుస్తకం మొదటి పేజీలో “మన దిక్కు మనిషి” అని రాసుకున్నాడు. నిజం చెప్పాలంటే అందులో కొన్నిచోట్ల కథ ఆగి ఉపన్యాసం నడుస్తుంది. శ్రీదేవి గారి పనితనం ఇందులో లేదు. అయినా కథానాయకుడు కంఠీరవం దొరకు ఎదురు నిలబడ్డ ప్రతిసారీ, రాసిన మనిషి ఆ బతుకు బతికాడని తెలుస్తుంది. పనితనంలో లోటున్నా నవల నిలబడగలదు. రాసినవాడు తనకు తెలియనిది తెలిసినట్టు రాస్తే మాత్రం ఆ కుట్టు రెండో ఉతుకుకే తెగుతుంది.

ఇంకొకటి కూడా చాచా షాపులోనే అర్థమైంది. నవల దానంతటదే బతకదు. 1918లోనే నల్లగొండలో గ్రంథాలయం పెట్టినవాళ్లు, 1922లో ఇక్కడి నుంచి ‘నీలగిరి’ పత్రిక నడిపినవాళ్లు ఉన్నారు కాబట్టి మా తాతల కాలానికి చదివే అలవాటు వచ్చింది. మళ్లీ మళ్లీ అచ్చువేసేవాళ్లు, చిరిగితే కుట్టేవాళ్లు లేకపోతే ఎంత గొప్ప నవలైనా చౌక కాగితంతోపాటు పొడి అయిపోతుంది. నాయిన కొన్న ఒక నవలకు అట్ట, మొదటి పేజీలు లేవు. పేరు కూడా తెలియదు. చాచా దాన్నీ అంతే శ్రద్ధగా కుట్టాడు.

ఖర్చు: ఒక్కో పుస్తకానికి 220 రూపాయలు, ‘వేయిపడగలు’కు 350. మొత్తం 2,550 అయితే 2,500 తీసుకున్నాడు. అమ్మ పుస్తకం అట్టకు ఏమీ తీసుకోలేదు. బిల్లు ఇవ్వరు.

లోపాలు కూడా చెప్తాను. ఎనిమిది రోజులన్నాడు, ఇరవై రోజులు పట్టింది. నాలుగుసార్లు తిరిగాను. వీపు మీద తెలుగులో పేరు వేయరు. నేను తెల్లగుడ్డ ముక్కల మీద పేర్లు రాసి అంటించుకున్నాను. ‘అంపశయ్య’లో ఒక ఫారం ముందుది వెనక్కి పడింది. ఒక్క రోజులో సాగే నవల అది, గంటలు తారుమారైతే చదవలేం. తీసుకెళ్లి చూపిస్తే చాచా మనవడిని కోప్పడి, రెండు రోజుల్లో విప్పి మళ్లీ కుట్టి ఇచ్చాడు, డబ్బులు అడగలేదు. మీరు వెళ్తే అక్కడే నిలబడి పేజీ నంబర్లు వరసగా చూసుకోండి. పేజీల పక్కన రాతలుంటే అంచులు కోయొద్దని ముందే గట్టిగా చెప్పండి. శుక్రవారం మధ్యాహ్నం షాపు మూసి ఉంటుంది. స్కూళ్లు తెరిచే జూన్‌లో రిజిస్టర్ల పని మీద ఉంటారు, అప్పుడు పోవద్దు.

ఐదుకు నాలుగు ఇస్తాను. ఆ తగ్గిన ఒకటి ఆలస్యానికి.

మొన్న పెట్టె అడుగున ఇంకొకటి దొరికింది, ఆళ్వారుస్వామి ‘గంగు’. ఆయన పూర్తి చేయకుండానే పోయారు, తర్వాత అచ్చయింది. అట్ట బాగానే ఉంది, చివరి ఫారం ఊడి వేలాడుతోంది. సోమవారం చాచా దగ్గరికి తీసుకెళ్తాను.