ఖునూత్ చదివే ఇమామ్ సాబ్‌కు కాలర్ మైకు: వాడి చూసినంక రాస్తున్న

ఖునూత్, అంటే నమాజ్‌ల నిలబడి చదివే దుఆ (వేడుకోలు), అందరికి ఇనవడాలని మసీదుకు వైరు లేని కాలర్ మైకు కొందామనుకునేటోళ్లు డబ్బా మీద రాసిన దూరాన్ని నమ్మొద్దు. మేం ముందుగ కొన్నదాని మీద 50 మీటర్లని ఉండె. మైకుకు, రిసీవర్‌కు నడుమ మనిషి లేకుంటే అంత దూరం పోతదేమో. నమాజ్‌ల ఇమామ్ సాబ్ మొకం ఖిబ్లా (మక్కా) దిక్కు, వీపు మన దిక్కు. రిసీవరేమో వెనక అల్మారీల, ఆంప్లిఫయర్ పక్కన. ఇగ ఆయన ఒళ్లే అడ్డం. 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను మనిషి ఒంట్ల ఉన్న నీళ్లు గుంజుకుంటయ్. ఆయన వెనక మొదటి సఫ్‌ల (వరుసల) నిలబడ్డోళ్లు ఇంకో గోడ. మాట నడుమ నడుమ తెగిపోతది.

నాది నల్లగొండల మోటార్ వైండింగ్ దుకాణం. బోరు మోటార్లు కాలినప్పుడే జనాలకు యాదికొస్త. మా గల్లీ మసీదు మైకు సెట్టు చూసేది కూడ నేనే. జీతం లేదు, తిట్లున్నయ్. అందుకే ఈ సామాను గురించి కొంచెం ఇవరంగనే రాస్త. కంపెనీ పేరు మాత్రం రాయను, ఒకటే సామాను నాలుగు పేర్లతోని అమ్ముతున్నరు.

మామూలు నమాజ్‌కు మా పాత వైరు మైకు చాలు. మిహ్రాబ్ (ఇమామ్ నిలబడే గూడు) ముందు స్టాండు మీద ఉంటది, ఖిరాత్‌ను (ఖురాన్ చదివే గొంతును) మంచిగ పట్టుకుంటది. కొత్తదాని అవసరం ఖునూతె నాజిలాతోని వచ్చింది. యుద్ధమో, ఊచకోతో, మహమ్మారో, పెద్ద ఆపద మీద పడ్డప్పుడు జమాత్ నమాజ్‌ల ఇమామ్ గట్టిగ చదివే దుఆ అది. మాది హనఫీ మజ్హబ్, అంటే ఇస్లాంల నమాజ్ పద్ధతులల్ల ఒకటి. దాంట్ల ఫజర్ (పొద్దుగాల నమాజ్) రెండో రకాత్‌ల (విడతల) చదువుతరు. రుకూ (నడుం వంచుడు) నుంచి లేసి "సమిఅల్లాహు లిమన్ హమిదహ్" అన్నంక, సజ్దాకు (నేలకు నుదురు ఆనించుడుకు) పోకముందు, నిలబడే. రాత్రి ఇషా నమాజ్ తర్వాత విత్ర్ నమాజ్‌ల రోజూ చదువుకునే ఖునూత్ వేరు. అది రుకూకు ముందు, మెల్లగ. హైదరాబాద్ బార్కాస్‌ల అరబ్బు ఖాందాన్లోళ్లు షాఫయీలు (ఇంకో పద్ధతోళ్లు), వాళ్లకు ఆపద ఉన్నా లేకున్నా ఫజర్‌ల ఖునూత్ ఉంటది. మాకు గట్లకాదు. 2023 అక్టోబర్ నుంచి గజా మీద బాంబులు పడుతుంటే మా మసీదుల ఈ దుఆ మొదలైంది, మైకు లొల్లి కూడ అప్పుడే మొదలైంది.

లొల్లి ఏందంటే, రుకూ నుంచి లేసినంక మా ఇమామ్ హాఫిజ్ సాబ్ తల వంచి, గొంతు తగ్గించి చదువుతడు. మాట స్టాండు మైకు కిందికెళ్లి పోతది. బయట సహన్‌ల (వాకిట్ల) రేకుల కింద నిలబడ్డోళ్లకు చప్పుడే ఇనవడలే. కొందరు ఎవరూ తక్బీర్ ("అల్లాహు అక్బర్") అనకముందే సజ్దాకు వంగి, పక్కోళ్లను చూసి మళ్ల లేసిన్రు. ఆలస్యంగ వచ్చి కలిసినోళ్ల సంగతి ఇంకా అన్యాయం. తెల్లారి మా గల్లీ చచా దుకాణం కాడికొచ్చి, "బేటా, ఆమీన్ ఏడ అనాల్నో తెల్వలే, ఊకనే నిలబడ్డ" అన్నడు.

ముకబ్బిర్ ఉండంగ మైకెందుకని మా సదర్ సాబ్ (మసీదు కమిటీ పెద్ద) అడ్డం తిరిగిండు. ముకబ్బిర్ అంటే ఇమామ్ తక్బీర్‌ను వెనక సఫ్‌లకు గట్టిగ అందించే మనిషి. "అల్లాహు అక్బర్" అయితే ఆయన అందిస్తడు. దుఆను ఎట్ల అందిస్తడు? ఇమామ్ ఒక్కొక్క ముక్క చదువుతుంటే ఈయన ఎంట ఎంట చదివేది లేదు, అందరి లెక్క ఆయనా ఆమీన్ అనేటోడే. హిజ్రీ 4ల బిర్ మఊనా దగ్గర ఖురాన్ చదువుకున్న 70 మందిని దగా చేసి చంపితే, ప్రవక్త (స) ఆ తెగల మీద నెల రోజులు ఖునూత్ చదివిండని బుఖారీ హదీసుల పుస్తకంల అనస్ గారు చెప్పిన మాట ఉంది. అబూ దావూద్ హదీసుల పుస్తకంల ఇబ్నె అబ్బాస్ గారి మాట ఇంకా ఇవరంగ ఉంటది: ఐదు పూటల నమాజుల్ల, ఆఖరి రకాత్‌ల, రుకూ తర్వాత, వెనకున్నోళ్లు ఆమీన్ అంటుండంగ. నా పని ఆ ఆఖరి ముక్కతోనే. ఆమీన్ అనాలంటే ముందు ఇనవడాలె కద. ఇది చెప్పినంక సదర్ సాబ్ చందా డబ్బా తాళం ఇచ్చిండు.

మొదట తెచ్చింది మొబైల్‌ల వీడియోలు తీసేటోళ్లు అంగీకి పెట్టుకునే చిన్న క్లిప్ మైకు, 1,900 రూపాయలు. మస్తు తేలిక, కుర్తా మీద ఉన్నదా లేదా అన్నట్టే ఉంటది. రిసీవర్‌ను వెనక నుంచి తీసి మిహ్రాబ్ పక్క గూట్లె పెట్టి, అక్కడి నుంచి ఆంప్లిఫయర్ దాక వైరు లాగిన. దాంతోని తెగిపోవుడు ఆగింది. సన్న పిన్నుకు పావు ఇంచు జాక్ వేరే కొనుక్కోవాలె, డబ్బాల రాదు.

ఈ మైకుల చప్పుళ్లను కోసేసే బటన్ ఒకటుంది. ఫ్యాన్ల గాలి, రోడ్డు మీద లారీల మోత తీసేస్తదని అమ్మినాయన గొప్పగ చెప్పిండు. తీసేసుడు నిజమే. ఖిరాత్‌కు బాగనే ఉండె. ఖునూత్‌ల దాని అసలు బుద్ధి బయటపడ్డది. "అల్లాహుమ్మహ్దినా ఫీమన్ హదైత్, వ ఆఫినా ఫీమన్ ఆఫైత్" అని హాఫిజ్ సాబ్ ఒక్కో ముక్క ఆఖర్ల గొంతు దించుతడు. ఆ దించిన కాడ యంత్రం దాన్ని కూడ ఫ్యాన్ గాలే అనుకుని నొక్కేస్తది. ఇంకా ముందుకు పోయి, పీడితుల పేరు మీద, పిల్లల పేరు మీద అడిగేటప్పుడు ఆయన గొంతు పూడుకుపోతది. అప్పుడైతే మొత్తానికే మాయం. స్పీకర్ల నుంచి "వ ఆఫినా" వరకు గట్టిగ, ఆ తర్వాత సున్న. బటన్ బంద్ పెడితే మాట పూర్తిగ వస్తది, కానీ వాల్యూం కొంచెం పెంచితే చాలు స్పీకర్ కూతపెడతది. ఈ మైకు అన్ని దిక్కుల చప్పుడూ పట్టేది. మా దగ్గర ఆమీన్ మెల్లగనే అంటరు, అయినా ముందు సఫ్‌ల ఒకరిద్దరు గట్టిగ అనేటోళ్లున్నరు, వాళ్ల ఆమీన్ ఇమామ్ దుఆ కంటే పెద్దగ మోగింది. వీడియోలోళ్లకు ఇది పనికొస్తదేమో, మిహ్రాబ్‌ల నిలబడేటాయనకు వద్దు.

కోఠి గుజరాతీ గల్లీకి పట్కపోతే దుకాణపాయన మొకం మాడ్చుకోకుంట మార్చిండు. "నమాజ్‌కని ముందే చెప్పాలె కద భాయ్" అన్నడు. ఇంకో 2,600 పెట్టినంక యూహెచ్‌ఎఫ్ (2.4 గిగాహెర్ట్జ్ కంటే పొడుగు తరంగాలతోని నడిచే) సెట్టు వచ్చింది. కుర్తా జేబుల వేసుకునే చిన్న పెట్టె, దాని నుంచి సన్న వైరు, కాలర్‌కు ఒక దిక్కు చప్పుడే పట్టే క్లిప్, రెండు ఏరియల్‌లున్న రిసీవర్. ఈ తరంగాలు ఒళ్లు అడ్డమున్నా అంత తొందరగ తెగవు. చప్పుడు కోసే తెలివితేటలు దీనికి లేవు, అదే మాకు కావాల్సింది. క్లిప్‌ను గదుమ కింద బెత్తెడు దూరంల పెడితే దించిన గొంతు కూడ సహన్ ఆఖరి దాక పోతది. గడ్డం రాసుకునే చప్పుడు వస్తది, కొంచెం పక్కకు జరిపితే తక్కువైతది.

లోపాలు లేవని కాదు. జేబుల పెట్టెకున్న ఆన్-ఆఫ్ స్లైడు మరీ వదులు. సజ్దాల ఒత్తుకుని ఒకపారి బంద్ అయింది, రెండో రకాత్ సగం స్పీకర్ల లేకుంటనే నడిచింది. దాని మీద ఇన్సులేషన్ టేపు ముక్క అంటించిన. సెల్లు అయిపోతుంటే ఎర్ర లైటు ఎలుగుతది, కానీ జేబుల ఉన్న లైటు ఎవరికి కనవడతది? రెండు పెన్సిల్ సెల్లు పడతయ్. ముఅజ్జిన్ సాబ్ (అజాన్ ఇచ్చేటాయన) జుమా జుమాకు మారుస్తడు, పాతయి గోడ గడియారానికి పోతయ్.

ఫజర్ కాబట్టి ఇంకో సంగతి చూసుకోవాలె. రాత్రి 10 నుంచి పొద్దుగాల 6 దాక బయట లౌడ్‌స్పీకర్ వద్దని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెప్తయ్. ఎండకాలం ఫజర్ 6 కంటే చానా ముందే అయిపోతది. మా ఆంప్లిఫయర్‌కు మినార్ మీది హారన్లకు ఒక స్విచ్, లోపలి డబ్బా స్పీకర్లకు ఇంకోటి పెట్టిన. ఖునూత్ లోపలోళ్లకే. ఎదురుంగ ఛాయ్ బండి అన్న ఒకరోజు, "పొద్దుగాల మీ దాంట్లె ఏమో నడుస్తుందట, మాకేం ఇనవడట్లేదేంది" అని అడిగిండు. ఇనవడలేదంటే నా వైరింగ్ కరెక్టే అన్నట్టు.

కరెంటు పోతే ఏ మైకైనా ఒకటే. మా ఆంప్లిఫయర్ వెనక 12 వోల్టుల బ్యాటరీ తగిలించే పిన్నులున్నయ్, దానికి పాత ట్రాక్టర్ బ్యాటరీ ఒకటి పెట్టిన. రిసీవర్ అడాప్టర్ మాత్రం ఇంటి కరెంటు మీదనే నడుస్తది, దాన్ని కూడ 12 వోల్టుల మీదికి తెచ్చే పని ఇంకా మిగిలుంది. పాత స్టాండు మైకును తీసెయ్యలే, పక్కన రెండో ఇన్‌పుట్‌ల పెట్టే ఉంది, అవతలిది ఆగితే ఇది అందుకుంటది.

రెండోదానికైతే 5కు 4 ఇస్త, తక్కువైన ఒకటి ఆ స్లైడుకు. చచా ఇప్పుడు సహన్‌ల నుంచే ఆమీన్ అంటున్నడు. అయితే మూడు నాలుగు సఫ్‌ల చిన్న మసీదైతే, దేవరకొండ దిక్కు పల్లెటూర్లల్ల ఉన్నట్టుగ, ఇవేం కొనకున్రి. ఫ్యాన్లు ఆ రెండు నిమిషాలు బంద్ పెట్టి, ఇమామ్ సాబ్‌ను కొంచెం గొంతు పెంచమంటే పని అయిపోతది. ఆ పైసలతోని ఇన్వర్టర్ బ్యాటరీ మార్పించుకోన్రి.