క్యూబా వెళ్తే రాత్రి భోజనం పొద్దున్నే చెప్పుకోండి

క్యూబాలో తిండి చప్పగా ఉంటుందని, పైగా ఖరీదని వెళ్లొచ్చినవాళ్లు చాలామంది అంటారు. ఎక్కడ తిన్నారని అడిగితే సంగతి తేలిపోతుంది. హవానా పాతబస్తీలో ఒబిస్పో వీధి వెంట మెనూ కార్డు చేత్తో పట్టుకుని లోపలికి పిలిచేవాళ్లు ఉంటారు. ఆ పిలుపుకి లొంగి కూర్చుంటే చాలాసార్లు వచ్చేది ఎండిపోయిన కోడిముక్క, చల్లారిన అన్నం, నాలుగు కీరా చక్రాలు. అదే ఊళ్లో రెండు వీధుల అవతల, బస చేసిన ఇంట్లో వేడివేడిగా వడ్డించే నల్ల బీన్స్, వెల్లుల్లి రసం పోసిన కర్రపెండలం తిన్నవాళ్లు ఆ మాట ఎప్పటికీ అనరు.

ఇంటివాళ్లు గదులు అద్దెకిచ్చే ఏర్పాటుని అక్కడ కాసా పర్తికులార్ అంటారు. ప్రభుత్వం 1997లో దీనికి అనుమతిచ్చింది. తలుపు మీద లంగరు ఆకారంలో నీలం గుర్తు ఉంటే అది లైసెన్సు ఉన్న ఇల్లు. టిఫిన్‌కి మామూలుగా మనిషికి 5 డాలర్లు తీసుకుంటారు. బొప్పాయి, జామ, అనాస ముక్కలు, గుడ్లు, రొట్టె, పళ్లరసం, కాఫీ వస్తాయి. రాత్రి భోజనం 10 నుంచి 15 డాలర్లు. ఈ భోజనాన్ని టిఫిన్ తింటున్నప్పుడే చెప్పేయాలి. అక్కడ కోడి ఒక చోట, నూనె ఇంకో చోట, గుడ్లు మరో చోట దొరుకుతాయి, ప్రతిచోటా క్యూ ఉంటుంది. సాయంత్రం ఏడింటికి వచ్చి ఏముందని అడిగితే ఆమ్లెట్టే దిక్కు. 'ఏదైనా పర్లేదు' అని కూడా అనకండి. బీన్స్ కావాలి, యుకా కావాలి, అరటికాయ వేయించాలి అని పేరుపేరునా చెప్పండి. ఏది దొరకదో వాళ్లే చెప్తారు.

యుకా అంటే మన కర్రపెండలమే. సామర్లకోట, పెద్దాపురం వైపు సగ్గుబియ్యానికి వాడే దుంప అక్కడ రోజూ పళ్లెంలో ఉంటుంది. తొక్కతీసి ముక్కలు కోసి ఉప్పునీళ్లలో ఉడికిస్తారు. సగం ఉడికాక ఒక గ్లాసు చన్నీళ్లు గుమ్మరిస్తే దుంప పగిలి మెత్తగా విచ్చుకుంటుంది. నడుమ ఉండే నార తీసేస్తారు. కిలో దుంపకి ఆరేడు వెల్లుల్లి రెబ్బలు ఉప్పుతో దంచి, అర కప్పు పుల్లనారింజ రసం కలిపి, సన్నటి ఉల్లిచక్రాలు వేసి, మన పోపులాగే సలసల కాగిన నూనె పైన పోస్తారు. ఆ చుయ్యిమన్న వెల్లుల్లి రసాన్ని, అంటే మోహోని, వెంటనే దుంప మీద ఒంపాలి. పది నిమిషాలు ఆగితే దుంప బిగుసుకుపోతుంది. హోటళ్లలో యుకా బాగుండకపోవడానికి కారణం ఇదే: ముందే ఉడికించి పక్కన పెట్టేస్తారు. ముదురు దుంపైతే ఎంత ఉడికినా పీచు వదలదు, అప్పుడు పళ్లెం వెనక్కి పంపడంలో తప్పేమీ లేదు.

నల్ల బీన్స్‌ని రాత్రంతా నానబెట్టి బిర్యానీ ఆకు, పచ్చి కాప్సికం వేసి ఉడికిస్తారు. ఉల్లి, వెల్లుల్లి, జీలకర్ర, ఒరెగానో విడిగా వేయించి కలుపుతారు. గుప్పెడు గింజలు మెదిపి మళ్లీ అందులోనే వేస్తే రసం చిక్కబడుతుంది. చివర్లో చిటికెడు పంచదార, ఒక చెంచా వెనిగర్. పులుపు ముందే వేస్తే గింజ ఎంతసేపటికీ మెత్తబడదు. మర్నాటికి ఈ కూర ఇంకా బాగుంటుంది, మిగిలితే పొద్దున టిఫిన్‌లో అడిగి పెట్టించుకోండి.

శాకాహారులు వెంట ఉంటే ఇక్కడ ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. 'సిన్ కార్నే' అంటే మాంసం లేకుండా అని అర్థమే, కానీ చాలాచోట్ల హామ్‌ని ఎవరూ మాంసం కింద లెక్కేయరు, పందికొవ్వుని అసలే లెక్కేయరు. బీన్స్‌తో కలిపి వండే అన్నం, అంటే కొంగ్రీ, సాధారణంగా పందికొవ్వుతోనే మొదలవుతుంది. అందుకే 'సిన్ హమోన్, సిన్ మన్తేకా, సిన్ పుయెర్కో' (హామ్ లేకుండా, పందికొవ్వు లేకుండా, పందిమాంసం లేకుండా) అని మూడూ విడివిడిగా చెప్పాలి. తెల్లన్నం, విడిగా వండిన బీన్స్, వేయించిన అరటికాయ, చేమదుంప జాతికి చెందిన మలంగాతో చేసే బజ్జీలు, అవకాడో: వీటితో రోజులు గడిచిపోతాయి. మూడో రోజుకి మాత్రం కారం లేక ముఖాలు వాడిపోతాయి, ఎందుకంటే క్యూబా వంటలో మిరపకారం ఉండదు. కందిపొడి, కారప్పొడి ప్యాకెట్లు సూట్‌కేసులో తప్పనిసరి. గొడ్డుమాంసం తిననివాళ్లు రోపా వియేహా (పీచులుగా విడదీసి వండే మాంసం కూర) అడిగే ముందు అది 'రెస్', అంటే గొడ్డుమాంసం, అయితే వద్దనండి, 'కార్నేరో' అంటే గొర్రె. పెద్దరొయ్యలా ఉండే లాబ్‌స్టర్, అక్కడి మాటలో లాంగోస్తా, నిప్పు మీద కాల్చింది ఎక్కువసార్లు రబ్బరులా సాగుతుంది. టమాటా రసంలో వండే ఎంచిలాదో అడగండి, పేరులో మిరప ఉన్నా అదీ కారంగా ఉండదు.

ఇక అసలు మోసం డబ్బులో ఉంది. క్యూబాలో రెండు కరెన్సీల పద్ధతి 2021 జనవరి 1న పోయింది, ఇప్పుడున్న దేశీ కరెన్సీ పెసో ఒక్కటే. 2022 ఆగస్టులో బ్యాంకు రేటు డాలరుకి 120 పెసోలు చేశారు. వీధి రేటు మాత్రం 2024లో 300 దాటింది. ఒక పళ్లెం 1,200 పెసోలనుకోండి. 120 రేటుకి లెక్కేస్తే 10 డాలర్లు, 300కి లెక్కేస్తే 4 డాలర్లు. టూరిస్టుల వీధిలో బిల్లు వచ్చాక వెయిటరు డాలర్లే ఇవ్వమని తనకి నచ్చిన రేటు చెప్తాడు. కూర్చునే ముందే రెండు ప్రశ్నలు వేయండి: ధర ఏ కరెన్సీలో, డాలరుకి ఎంత కట్టుకుంటారు? ఆ వెంటనే సర్వీసు 10 శాతం కలిపేశారా అని కూడా. ఏ రోజు వీధి రేటు ఎంతో ఎల్ టోకే అనే వెబ్‌సైటు ప్రకటిస్తుంది, పొద్దున్నే ఒకసారి చూసుకుంటే మోసపోరు. అమెరికా బ్యాంకుల కార్డులు అక్కడ పనిచేయవు. చిరిగినా, గీతలున్నా నోట్లు తీసుకోరు, కాబట్టి శుభ్రమైన చిన్న యూరో, డాలరు నోట్లు పట్టుకెళ్లండి.

మోసానికి ఇంకో పద్ధతి కూడా ఉంది. నవ్వుతూ ఒక జంట పలకరిస్తుంది, ఎక్కడినుంచి వచ్చారని అడుగుతుంది, ఇవాళ సాల్సా పండగ చివరి రోజని పక్కనే ఉన్న బారుకి తీసుకెళ్తుంది. అక్కడ తాగే మొహితోలు (రమ్ము, పుదీనా కలిపిన డ్రింకులు) మీ లెక్కలోకి వెళ్తాయి, కమిషన్ వాళ్లకి వెళ్తుంది. ఆ పండగ ఏ రోజు వెళ్లినా 'ఇవాళే'. నమస్కారం పెట్టి ముందుకి నడవండి.

మొహితో ఎక్కడ తాగినా, చేసేవాడి చేతిని చూడండి. 45 మిల్లీలీటర్ల తెల్ల రమ్ము, 20 నిమ్మరసం, రెండు చెంచాల పంచదార, నాలుగైదు పుదీనా రెమ్మలు, పైన సోడా. పుదీనాని చక్కెర, నిమ్మరసంతో మెల్లగా నొక్కాలి. ముక్కలైపోయేలా దంచితే చేదొస్తుంది. గ్లాసులు ముందే వరసగా పుదీనాతో నింపి పెట్టుకున్న బారులో తాగొద్దు, ఆకు నల్లబడి ఉంటుంది. డైకిరీకి (రమ్ము, నిమ్మరసం, పంచదార కలిపిన డ్రింకు) పేరు పడ్డ హవానా బారు ఎల్ ఫ్లోరిడీతా 1817 నాటి చోటు, చల్లటి డైకిరీ అక్కడే తీర్చిదిద్దారు. చరిత్ర కోసం ఒక్కటి తాగి బయటపడితే చాలు. మద్యం ముట్టనివాళ్లకి గ్వారపో అంటే చెరుకు రసం ఉంది, ఐసు వేయకుండా ఇమ్మనండి. కుళాయి నీళ్లు తాగకండి. 2024 అక్టోబరులో దేశమంతా కరెంటు పోయినట్టు పెద్ద కోత పడితే, తర్వాత రెండు రోజులు హామ్, మయోనైజు, ఐస్‌క్రీము జోలికి పోవద్దు.

కాఫీ గురించి ఒక మాట. రేషన్ కాఫీలో వేయించిన బఠానీ కలిపి పొడి కొడతారు, దాని రుచి వేరు. ఇంట్లో చేసే మంచి కాఫీకి మోకా పాత్రలో మొదట దిగిన నాలుగు చుక్కల్ని రెండు మూడు చెంచాల పంచదార మీద వేసి, తెల్లటి నురగ వచ్చేదాకా గిలకొట్టి, మిగతా డికాక్షన్ ఒంపుతారు. 1966లో తెరిచిన కొప్పేలియా ఐస్‌క్రీము చోటు హవానా వెదాదోలో 23వ వీధి, ఎల్ వీధి కలిసేచోట ఉంది. క్యూలో ముందు 'ఎల్ ఉల్తిమో?' (చివర ఎవరు?) అని అడిగి మీ ముందు ఎవరో గుర్తు పెట్టుకోండి, ఆ దేశంలో ప్రతి క్యూకీ అదే పద్ధతి.

క్యూబాలోనే ఉన్న త్రినిదాద్ అనే ఊళ్లో మట్టి గిన్నెలో ఇచ్చే కంచాంచరా తాగి తీరాలి. తేనె, నిమ్మరసం ముందు కలిపి, తర్వాత అగ్వార్దియెంతే అనే చెరుకు సారా, చివర ఐసు వేయాలి. ఐసు ముందు వేస్తే తేనె అడుగున గడ్డకట్టి మిగిలిపోతుంది. తినడానికి మాత్రం నా ఓటు తూర్పు చివర ఉన్న బరకోవాకే. 1511లో పుట్టిన ఆ ఊళ్లో కొబ్బరిపాలతో చేపలు వండుతారు, అరటికాయ, పీతలు కలిపి ఆకులో ఉడికించే బకాన్ దొరుకుతుంది. లా ఫరోలా కొండదారి పక్కన కొబ్బరి, తేనె, జామ కలిపి తాటిజాతి ఆకు పొట్లంలో కట్టి అమ్మే కుకురుచో కొనకుండా కదలకండి.

అమెరికాలో ఉండే తెలుగువాళ్లకి ఒక హెచ్చరిక: అక్కడి నిబంధనల ప్రకారం షికారుకని వెళ్లడం కుదరదు, అనుమతించిన 12 కారణాల్లో ఒకటి ఉండాలి. క్యూబా ప్రజలకి మద్దతు అనే కారణం కింద వెళ్లేవాళ్లకి ప్రైవేటు ఇళ్లలో బస, ప్రైవేటు హోటళ్లలో భోజనం సరిపోతాయి, కానీ రోజంతా పనికొచ్చే కార్యక్రమాలూ ఉండాలి. 2025 మార్చి నుంచి రికార్డులు పదేళ్లు దాచాలి కాబట్టి ప్రతి రసీదూ ఫోటో తీసుకోండి. 2020 సెప్టెంబరు నుంచి క్యూబా రమ్ము, చుట్టలు అమెరికాకి తేవడం నిషేధం, సీసా కొనకండి. ఇండియాకి వచ్చేవాళ్లు 2 లీటర్ల దాకా తెచ్చుకోవచ్చు. ఏడేళ్ల హవానా క్లబ్ దొరికితే అదే కొని, దారిలో విమానాలు మారాలి కనుక చెకిన్ సామానులో బట్టల మధ్య పెట్టండి.